కడుపు ఆమెది, లెక్క ఎవరిది?

మన ఆదివాసీ యువజన సమావేశాల్లో కుటుంబ నియంత్రణ మాట వచ్చినప్పుడల్లా గది రెండుగా చీలుతుంది. ఒక పక్క వాళ్లు "మనమే తగ్గిపోతున్నాం, మైదానం నుంచి వచ్చినవాళ్లు ఏజెన్సీ అంతా నిండిపోతున్నారు, ఇప్పుడు మనకెందుకు ఆపరేషన్లు?" అంటారు. ఇంకో పక్క వాళ్లు, ఎక్కువగా ఉపాధ్యాయులు, ఆరోగ్య శాఖలో పనిచేసే మన పిల్లలు, "ఇరవై రెండేళ్లకు నాలుగో కాన్పు, ఒంట్లో రక్తం లేదు, ఇంకా ఇవేం మాటలు?" అంటారు. రెండు పక్కలా నిజం ఉంది. రెండు పక్కలా లేనిది మాత్రం ఆ నాలుగో కాన్పు మనిషి. మనం చర్చించుకునే వేళకు ఆమె సంతకో, పోడుకో, కట్టెలకో పోయి ఉంటుంది.

ఆమె లేని చోట ఆమె గురించి మాట్లాడటం మనం కొత్తగా మొదలుపెట్టింది కాదు. డబ్బిచ్చేవాళ్లు, పథకాలు రాసేవాళ్లు, లెక్కలు కట్టేవాళ్లు డెబ్బై ఏళ్లుగా చేస్తున్నది అదే. ఒక స్త్రీ ఎంతమందిని కనాలి, ఎప్పుడు ఆపాలి అన్న విషయంలో ఆమె మాట కాక ఇంకెవరి మాటైనా చెల్లుతుందా? ప్రభుత్వం మాట, సాయం చేసే విదేశం మాట, ఆమె పుట్టిన జాతి మాట? చెల్లితే ఎంతవరకు? ఈ ప్రశ్నను పుస్తకాల్లోంచి కాక జరిగిన సంగతుల్లోంచి ఆలోచిద్దాం.

ప్రపంచంలో మొట్టమొదట కుటుంబ నియంత్రణను ప్రభుత్వ కార్యక్రమంగా చేపట్టిన దేశం మనదే, 1952లో. మొదట్లో అది నెమ్మదిగా సాగింది. అరవయ్యవ దశకంలో కరువు, గోధుమల కొరత వచ్చాయి. అప్పటి అమెరికా అధ్యక్షుడు జాన్సన్ 1965లో ఐక్యరాజ్యసమితి సభలో ఒక మాట అన్నాడు. జనాభా తగ్గించడానికి పెట్టే అయిదు డాలర్లకన్నా తక్కువ సొమ్ము, అభివృద్ధికి పెట్టే వంద డాలర్లతో సమానమని దాని సారాంశం. ఆ మరుసటి సంవత్సరం మనకు వచ్చే గోధుమ ఓడలను ఒక్కసారిగా పంపకుండా, కొద్దికొద్దిగా, మన ప్రభుత్వం ఏం చేస్తోందో చూసి చూసి వదిలారు. వ్యవసాయ విధానంతో పాటు జనాభా విధానం మీద కూడా వాళ్ల కన్ను ఉంది. ఆ అయిదు డాలర్ల లెక్కలో ఒక చిన్న విషయం దాగి ఉంది, గమనించండి. పుట్టకుండా ఆగిన బిడ్డ అక్కడ ఒక ఆదా. తల్లి ఆరోగ్యం, ఆమె ఇష్టం ఆ లెక్కలో ఏ గడిలోనూ లేవు. అది చెడ్డ మనుషులు వేసిన లెక్క అని నేను అనను. ఆకలి తీర్చాలన్న తపన ఉన్నవాళ్లు కూడా అందులో ఉన్నారు. కానీ డబ్బు ఏ గడి కోసం వస్తుందో ఆ గడే నిండుతుంది. మిగతావి ఖాళీగా ఉండిపోతాయి.

ఎమర్జెన్సీలో ఏం జరిగిందో పెద్దవాళ్లకు గుర్తే. 1976-77 ఒక్క ఏడాదిలో దేశంలో 82 లక్షలకు పైగా ఆపరేషన్లు చేశారు. అందులో ఎక్కువ, అరవై లక్షలకు పైగా, మగవాళ్లవే. రేషన్ కార్డు ఆపుతామని, జీతం ఆపుతామని బెదిరించి తీసుకెళ్లారు. మగవాళ్లకు కోపం వచ్చింది, ఓట్లేసి ప్రభుత్వాన్ని దించారు. తర్వాత వచ్చిన ప్రభుత్వం శాఖ పేరులోని 'నియంత్రణ' తీసేసి 'సంక్షేమం' అని పెట్టింది. ఇంకో మార్పు పేరులో కాదు, మనుషుల్లో వచ్చింది. మగవాళ్ల జోలికి వెళితే ఓట్లు పోతాయని తెలిశాక కత్తి ఆడవాళ్ల వైపు తిరిగింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన స్త్రీలలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు. దేశంలో ఇంతకన్నా ఎక్కువ మరో రాష్ట్రంలో లేదు. మగవాళ్ల ఆపరేషన్ అర శాతం కూడా లేదు. నిజానికి మగవాళ్లకు చేసేది చిన్న కోత, పొట్ట తెరవనక్కరలేదు, ప్రమాదమూ తక్కువే. "బలం పోతుంది, బరువు ఎత్తలేడు" అంటారు మన గూడేల్లో. బిందెలు, కట్టెలమోపు ఎత్తేది ఎవరో ఆ మాట అన్నవాళ్లను అడగాలి.

ఇక మనలాంటి జాతుల సంగతికి వస్తాను. మన యువకులు తప్పకుండా తెలుసుకోవలసిన మూడు దేశాల కథలున్నాయి.

మొదటిది అమెరికాది. అక్కడి మూలవాసులకు వైద్యం అందించేది ప్రభుత్వం నడిపే ప్రత్యేక ఆరోగ్య విభాగం. దాని మీద ఫిర్యాదులు వస్తే అక్కడి ఆడిట్ సంస్థ 1976లో విచారించింది. పన్నెండు ప్రాంతాల్లో నాలుగింటి రికార్డులే చూశారు. 1973 నుంచి 1976 మధ్య ఆ నాలుగు చోట్లే 3,406 మంది మూలవాసీ స్త్రీలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు జరిగాయని తేలింది. సంతకం పెట్టించుకున్న పత్రాలే నియమాల ప్రకారం లేవని, వద్దంటే వైద్యం, ఇతర సాయం ఆగవని చెప్పవలసిన మాట సరిగా చెప్పలేదని బయటపడింది. ఒక్కో తెగలో కొన్ని వందల మందే పిల్లల్ని కనగల స్త్రీలు ఉండే చోట ఆ అంకె ఎంత పెద్దదో మన చెంచులకు, కోలాములకు వేరే చెప్పక్కరలేదు.

రెండోది గ్రీన్‌లాండ్. మంచు దేశం, ఇన్యూట్ ప్రజలది, డెన్మార్క్ ఏలుబడిలోది. 1960ల చివర నుంచి డెన్మార్క్ వైద్యులు అక్కడి స్త్రీలకు, బడికి వెళ్లే ఆడపిల్లలకు కూడా, చాలామందికి చెప్పకుండానే లూప్ వేశారు. 1970 నాటికి అలా వేసినవి దాదాపు 4,500. పిల్లల్ని కనే వయసు స్త్రీలలో ఇంచుమించు సగం. ఆ స్త్రీలు యాభై ఏళ్ల తర్వాత నోరు విప్పారు. 2025లో డెన్మార్క్ ప్రధాని క్షమాపణ చెప్పింది. అది బీద దేశంలో జరగలేదు, గ్రహించండి. ఆస్పత్రులు బాగున్నాయి, నర్సులు ఉన్నారు, మందులు ఉన్నాయి. లేనిది అడగడమొక్కటే.

మూడోది పెరూ. ఇది డబ్బు సంగతి కాబట్టి కొంచెం ఆగి చెప్పాలి. 1995లో అధ్యక్షుడు ఫుజిమోరి బీజింగ్‌లో జరిగిన ప్రపంచ మహిళా సదస్సుకు వెళ్లి, పేద స్త్రీకి కూడా కుటుంబ నియంత్రణ హక్కు ఉందని మాట్లాడాడు. అందరూ మెచ్చుకున్నారు. విదేశీ సాయం అందింది. 1996 నుంచి 2000 వరకు నడిచిన ఆ కార్యక్రమంలో సుమారు 2 లక్షల 70 వేల మంది స్త్రీలకు ఆపరేషన్లు జరిగాయి. కొండల్లో ఉండే, కెచువా భాష మాట్లాడే మూలవాసులే వాళ్లలో ఎక్కువ. ఆరోగ్య సిబ్బందికి నెలకు ఇన్ని అని కోటా ఉండేది. కోటా తప్పితే ఉద్యోగం కదిలేది. ఆపరేషన్ల కోసం తిరునాళ్లలా 'ఉత్సవాలు' పెట్టారు. స్పానిష్ రాని స్త్రీలకు స్పానిష్ కాగితం మీద వేలిముద్ర వేయించారు. సంగతి బయటపడ్డాక 1998లో అమెరికా కాంగ్రెస్ ఒక చట్ట సవరణ చేసింది. తమ డబ్బుతో నడిచే కుటుంబ నియంత్రణ కార్యక్రమాల్లో కోటాలు ఉండకూడదు, ఆపరేషన్ చేయించుకున్నందుకు బహుమతులు ఇవ్వకూడదు, వద్దన్నవాళ్లకు మరే సాయమూ ఆపకూడదు అని. నియమం మంచిదే. అయితే హక్కు అన్న మాటతో మొదలైన కార్యక్రమం కోటాగా ఎలా మారిందో చూడండి. దూరాన ఉన్న దాతకు, రాజధానిలోని అధికారికి కొండ మీది స్త్రీ ముఖం కనపడదు. కనపడేది నెల చివర వచ్చే అంకె. అంకె పెరిగితే పని జరిగిందనుకుంటారు. ఆమెకు అర్థమయ్యేలా చెప్పారా, ఆమె 'ఆలోచించుకుని వస్తాను' అంటే పంపించారా అన్నది ఏ పట్టికలోనూ ఎక్కదు.

మన దేశం 1996లో లక్ష్యాలు తీసేశామని ప్రకటించింది. 1994లో కైరోలో జరిగిన ప్రపంచ జనాభా సదస్సు ప్రభావం అది. కాగితం మీద లక్ష్యం పోయింది, 'అంచనా' వచ్చింది. 2012 జనవరిలో బీహార్‌లోని అరారియా జిల్లాలో ఒక ప్రభుత్వ పాఠశాలలో శిబిరం పెట్టి, రాత్రిపూట టార్చి వెలుగులో, రెండు గంటల్లో 53 మంది స్త్రీలకు ఆపరేషన్లు చేశారు. ఉపాధ్యాయులు ఈ మాట గమనించాలి. ఆపరేషన్ బల్లలుగా వాడినవి పిల్లలు కూర్చునే బడి బల్లలే. దేవికా బిశ్వాస్ అనే సామాజిక కార్యకర్త సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ కేసు నడుస్తుండగానే, 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర మూతపడిన ఒక ఆస్పత్రి భవనంలో ఒకే సర్జన్ కొన్ని గంటల్లో 83 మందికి ఆపరేషన్లు చేశాడు. ప్రభుత్వ నియమం ప్రకారం రోజుకు 30 దాటకూడదు. పదమూడు మందికి పైగా చనిపోయారు. తర్వాత ఇచ్చిన మందుల్లో విషం కలిసిందని ప్రభుత్వం వాళ్లు, కాదు శుభ్రత లేక ఇన్ఫెక్షన్ వచ్చిందని మరికొందరు వాదించుకున్నారు. ఆ స్త్రీలకు ఇచ్చింది 600 రూపాయలని పత్రికలు రాశాయి.

2016 సెప్టెంబరు 14న తీర్పు వచ్చింది. మూడేళ్లలో ఇలాంటి శిబిరాలు ఆపేయాలని కోర్టు ఆదేశించింది. 2010 నుంచి 2013 వరకు ఆపరేషన్ల వల్ల 363 మంది చనిపోయినట్టు ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయని అందులో ఉంది. మన పిల్లలకు పౌరశాస్త్రం చెప్పేటప్పుడు ఈ తీర్పు చెప్పండి. జీవించే హక్కులో తన శరీరం గురించి తాను నిర్ణయించుకునే హక్కు కూడా ఉందని అది చెప్పింది.

ఇంతవరకు విని మన మొదటి పక్క మిత్రులు "చూశారా, మేం చెప్పిందే నిజం, ఇది మనల్ని తగ్గించే పని" అంటారు. ఇప్పుడు అదే ఛత్తీస్‌గఢ్ నుంచి రెండో కథ చెబుతాను. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇదే.

1979లో అప్పటి మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది. బైగా, కమార్, పహాడీ కోర్వా, బిర్హోర్, అబూజ్‌మాడియా వంటి బాగా చిన్న తెగలు అంతరించిపోయే ప్రమాదం ఉంది కాబట్టి వాళ్లకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయకూడదు. ఎవరైనా కావాలంటే పై అధికారి అనుమతి పత్రం తేవాలి. ఎమర్జెన్సీ ముగిసి రెండేళ్లయింది. బలవంతపు ఆపరేషన్ల నుంచి కాపాడాలన్న ఉద్దేశం దాని వెనక ఉండవచ్చు. ఛత్తీస్‌గఢ్ వేరుపడ్డాక కూడా ఆ ఉత్తర్వు సాగింది. ఆ నీడలో ఏం జరిగింది? అయిదుగురు, ఆరుగురు పిల్లల తల్లి, ఒక్కో కాన్పుకూ చావు అంచుకు పోయి వచ్చిన బైగా స్త్రీ ఆస్పత్రికి వచ్చి "ఇంక నా వల్ల కాదు" అంటే, "నువ్వు బైగావి, నీకు చేయకూడదు" అని తిప్పి పంపారు. అనుమతి పత్రం కోసం కొండ దిగి ఆఫీసు చుట్టూ తిరగగలిగినవాళ్లెంతమంది? కొందరు తమ తెగ పేరు దాచి వేరే కులం పేరు చెప్పి చేయించుకున్నారు. చివరికి బైగా స్త్రీలే, ఆరోగ్య హక్కుల సంఘాల తోడుతో, హైకోర్టు మెట్లెక్కవలసి వచ్చింది.

ఇంకొక వింత ఉంది. 2014 నవంబరులో, బిలాస్‌పూర్ జిల్లాలోనే గౌరెల్లా వైపు జరిగిన శిబిరంలో బైగా స్త్రీలకు కూడా ఆపరేషన్లు చేశారని, అందులో ఒకామె చనిపోయిందని వార్తలొచ్చాయి. ఆమె స్వయంగా అడిగితే అనుమతి లేదు. శిబిరం లెక్క నిండాలంటే అనుమతి ఎవరూ అడగలేదు. ఈ రెండూ ఒకే జిల్లాలో, ఒకే తెగకు జరిగాయి. ఒకరు ఆపమన్నారు, ఒకరు కనమన్నారు. రెండు వైపులా ఆమెను లెక్కలో అంకెగానే చూశారు. బలవంతం, నిషేధం అన్నవి ఎదురెదురుగా నిలబడిన రెండు తప్పులని మనం అనుకుంటాం. నాకు అవి ఒకే తప్పు అనిపిస్తుంది, కత్తికి రెండు వైపులా పదును ఉన్నట్టు.

అయినా జాతి తగ్గిపోతుందన్న భయాన్ని నేను తేలిగ్గా తీసేయను. అది వట్టి భయం కాదు. పది వేల మంది మాట్లాడే భాషలో వెయ్యి మంది తగ్గితే ఆ భాషలో పెళ్లిపాట పాడే గొంతు కరువవుతుంది. సీట్లు, రిజర్వేషన్లు, నిధులు అన్నీ జనాభా లెక్కల మీదే నడిచే దేశంలో తల లెక్క బలమే. కానీ మన తలలు ఎందుకు తగ్గుతున్నాయో నిజాయితీగా చూసుకోవాలి. ముంపులో పోయిన ఊళ్లు, మలేరియా, పచ్చకామెర్లు, సికిల్‌సెల్, రక్తహీనత, నెలలు నిండకుండా పుట్టి పోయే బిడ్డలు, డోలీలో మోసుకొస్తుంటే దారిలోనే కన్నుమూసే బాలింతలు. మన జాతిని ఇవి తగ్గించినంతగా ఏ లూపూ తగ్గించలేదు. పుట్టినవాళ్లను బతికించుకోలేని చోట, ఇంకా కనమని ఆమెకు చెప్పడం న్యాయం కాదు. తల్లి బతికి, ఇద్దరి మధ్య మూడేళ్ల ఎడం ఉండి, పుట్టిన ముగ్గురూ పెద్దవాళ్లయితే ఆ ఇంట ముగ్గురు. ఆరుగురు పుట్టి నలుగురు పోయి, తల్లీ పోతే మిగిలేది ఎందరు? మన నాయనమ్మలకు ఈ లెక్క తెలుసు. బిడ్డకు రెండు మూడేళ్లు పాలివ్వడం, బాలింతను కొన్నాళ్లు విడిగా ఉంచడం వంటివి ఎడం కోసమే కదా. అవి ఎప్పుడూ పనిచేశాయని చెప్పను, వాటిని బంగారు కాలంగా పొగడను. కానీ ఎడం కావాలన్న కోరిక మనకు ఎర్ర త్రికోణం బొమ్మ నేర్పింది కాదు.

జాతి అన్నది ఒక గొప్ప మాట. దాని కోసం భూమి వదులుకోవద్దని, భాష వదులుకోవద్దని ఒకరినొకరం అడగవచ్చు. ఒక మనిషి తన ప్రాణాన్ని, తన ఒంటిని ప్రమాదంలో పెట్టి మా లెక్క పెంచు అని అడిగే హక్కు జాతికి ఉందా? నేను లేదంటాను. అడిగేవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లం, కనేది మనం కాదు.

ఇప్పుడు డబ్బు దగ్గరికి వద్దాం. ఆపరేషన్ చేయించుకున్న స్త్రీకి ప్రభుత్వం డబ్బివ్వడం తప్పా? పోగొట్టుకున్న కూలికి పరిహారం అని దానికి పేరు. కూలి పోయినమాట నిజం. ఆటో చార్జీ, తోడు వచ్చిన మనిషి తిండి, వారం రోజులు బరువు పని చేయలేకపోవడం అన్నీ నిజమే. ఇస్తే తప్పేముంది అనిపిస్తుంది. బంగ్లాదేశ్‌లో 1980లలో ఆపరేషన్ చేయించుకుంటే 175 టాకాలు, ఆడవాళ్లకు చీర, మగవాళ్లకు లుంగీ ఇచ్చేవారు. విదేశీ సాయంతో నడిచిన పథకం అది. అక్కడ పరిశీలించినవాళ్లు గమనించిందేమంటే, పంట చేతికి రాకముందు, ఇంట్లో గింజ లేని నెలల్లో ఆపరేషన్లు పెరిగేవి, కోతలయ్యాక తగ్గేవి. పిల్లలు చాలనుకునే మనసు ఋతువుతో మారుతుందా? మారేది ఆకలి. ఆషాఢంలో కడుపు కాలే ఇంటికి 600 రూపాయలు వేరు, డిసెంబరులో ధాన్యం ఉన్న ఇంటికి అదే 600 వేరు.

అందుకే నేను ఒక చిన్న పరీక్ష పెట్టుకుంటాను. ఆ డబ్బు ఆమెను ఆస్పత్రి దాకా మోసే డబ్బా, ఆస్పత్రిలోకి లాగే డబ్బా? దారి ఖర్చు, తిండి, పోయిన కూలి ఇస్తే అది మోసే డబ్బు. ఆమె అక్కడిదాకా వచ్చి 'లూప్ చాలు' అన్నా, 'సూది మందు కావాలి' అన్నా, 'ఇప్పుడొద్దు, ఇంటికి పోతా' అన్నా ఆ దారి ఖర్చు అంతే ఇవ్వాలి. ఆపరేషన్ బల్ల ఎక్కితేనే ఇస్తామంటే అది లాగే డబ్బు. తెచ్చిన కార్యకర్తకు తలకింత అని ఇచ్చే డబ్బు ఇంకా ప్రమాదం. ఆశా కార్యకర్తలను నేను తప్పుపట్టడం లేదు. వాళ్లలో ఎక్కువమంది మన ఆడపిల్లలే, సరైన నెల జీతం లేకుండా పారితోషికం మీద బతుకు లాగుతున్నవాళ్లు. తెచ్చిన మనిషిని బట్టి పొయ్యి వెలిగేలా ఏర్పాటు చేసి, తర్వాత ఆమె మాటలో స్వార్థం ఉందనడం అన్యాయం. ఆమెకు సరైన జీతం ఇస్తే ఆమె మాటకూ విలువ పెరుగుతుంది.

ఇంకా లోపలికి వెళితే అసలు బలవంతం వార్డులో లేదు, బడ్జెట్‌లో ఉంది. 2013-14లో దేశంలో కుటుంబ నియంత్రణ మీద ఖర్చయిన డబ్బులో దాదాపు 85 శాతం స్త్రీల ఆపరేషన్లకే పోయిందని, ఎడం కోసం వాడే పద్ధతులకు రెండు శాతం కూడా దక్కలేదని బిలాస్‌పూర్ ఘటన మీద వచ్చిన నివేదిక ఒకటి చూపింది. ఆపరేషన్‌కు ఒక రోజు డబ్బు చాలు. ఒక శిబిరం, ఒక సర్జన్, ఒక ఫోటో. మాత్రలు, సూది మందు అలా కాదు. అంతర అనే ఇంజెక్షన్ మూడు నెలలకోసారి వేయాలి. ఛాయ మాత్ర మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆ తర్వాత వారానికి ఒకటి వేసుకోవాలి. లక్నోలోని మన దేశ శాస్త్రవేత్తలే కనిపెట్టిన మందు అది. ఈ రెంటినీ ప్రభుత్వం 2017 నుంచి ఉచితంగా ఇస్తోంది. కానీ వాగు పొంగి దారి మూతపడిన శ్రావణంలో రెండో డోసు గూడేనికి ఎలా వస్తుంది? ఏఎన్‌ఎం పోస్టు ఖాళీగా ఉన్న సబ్‌సెంటర్‌లో ఎవరు వేస్తారు? నెలసరి తప్పితే, ఎక్కువైతే భయపడి వచ్చిన అమ్మాయికి ఎవరు సమాధానం చెబుతారు? ఏడాది పొడుగునా మనిషి, మందు, మాట ఉండేలా డబ్బు పెట్టనప్పుడు మిగిలేది ఆపరేషన్ ఒక్కటే. అప్పుడు "ఆమే ఎంచుకుంది" అని రాసుకుంటాం. గంపలో ఒకటే దుంప పెట్టి ఏది కావాలో తీసుకోమన్నట్టు ఉంటుంది అది.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా బంగ్లాదేశ్‌లోనే ఉంది. 1977లో మత్లాబ్ అనే చోట కొన్ని ఊళ్లు ఎంచుకుని, ఆ ఊళ్ల స్త్రీలనే కొందరిని ఆరోగ్య కార్యకర్తలుగా తీసుకున్నారు. వాళ్లు రెండు వారాలకోసారి ఇంటింటికీ వెళ్లేవారు. మాత్రలు, సూది మందు, లూప్, కండోమ్ అన్నీ అందుబాటులో ఉంచారు. ఏదైనా ఇబ్బంది వస్తే మళ్లీ రెండు వారాల్లో అదే మనిషి గుమ్మంలో ఉంటుంది. బీదరికం ఉన్న చోటే, చదువు లేని చోటే స్త్రీలు ముందుకొచ్చారు. చాలా ఏళ్ల తర్వాత చూస్తే ఆ ఊళ్లలో తల్లుల ఆరోగ్యం, పిల్లల చదువు పక్క ఊళ్లకన్నా మెరుగ్గా ఉన్నాయి. అక్కడ చీరలు పంచలేదు, మనిషిని పంపారు. అది ఖర్చుతో కూడినదే, విదేశీ డబ్బు లేకపోతే జరిగేదీ కాదు. అందుకే బయటి డబ్బంతా కుట్ర అని తేల్చేసేవాళ్లతో నేను ఏకీభవించను.

కానీ ఆ డబ్బుకు ఒక స్వభావం ఉంది, అది ఇంకొకరి ఊళ్లో జరిగే ఎన్నికల మీద ఆధారపడుతుంది. 1984 నుంచి అమెరికాలో ఒక పార్టీ అధ్యక్షుడు వస్తే గర్భస్రావం మాటెత్తే విదేశీ సంస్థలకు సాయం ఆగుతుంది, ఇంకో పార్టీ వస్తే మళ్లీ మొదలవుతుంది. 2025లో ఏకంగా ఆ దేశపు సాయ సంస్థనే మూసేశారు. ఆఫ్రికా దేశాలకు వెళ్లవలసిన 97 లక్షల డాలర్ల గర్భనిరోధక సామగ్రి బెల్జియంలో గోదాముల్లో ఉండిపోతే, దాన్ని కాల్చేయాలని నిర్ణయించారు. ప్రపంచంలో పిల్లలు ఇప్పుడొద్దనుకుంటూ కూడా ఆధునిక పద్ధతి అందని స్త్రీలు 20 కోట్లకు పైగా ఉన్నారు. ఎవరిదో సంతకంతో మొదలై ఎవరిదో సంతకంతో ఆగేదాన్ని సాయం అనవచ్చేమో కానీ హక్కు అనలేం. మన దేశం ఈ విషయంలో కొంత నయం, ఇక్కడ నడిచేది ఎక్కువగా మన పన్నుల డబ్బే. కాబట్టి మనం అడిగే చోటు కూడా దగ్గరే ఉంది.

మన ప్రభుత్వాల మనసు మాత్రం విదేశాల వాళ్లకన్నా స్థిరమేమీ కాదు. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికి మించి పిల్లలుంటే సర్పంచ్‌గా నిలబడకూడదంది. మూడో బిడ్డ కనగానే మన ఆడవాళ్లు పోటీకి పనికిరాకుండా పోయారు. సుప్రీంకోర్టు 2003లో హర్యానా కేసులో ఇలాంటి నియమం సరైనదేనంది. నిర్మలా బుచ్ అనే విశ్రాంత ఐఏఎస్ అధికారి మన రాష్ట్రంతో కలిపి అయిదు రాష్ట్రాల్లో పరిశీలిస్తే, పదవి కోసం భార్యను వదిలినవాళ్లు, బిడ్డను దత్తతకిచ్చినవాళ్లు, పుట్టిన బిడ్డను లేదన్నవాళ్లు కనిపించారు. ముప్పై ఏళ్ల తర్వాత, 2024లో, ఆంధ్రప్రదేశ్ ఆ నియమాన్ని రద్దు చేసింది. కారణం ఆ స్త్రీలకు జరిగిన అన్యాయం కాదు, జనాభా తగ్గిపోతోందని. నిన్నటిదాకా ఇద్దరు చాలన్న నోరే ఇప్పుడు ఇంకా కనమంటోంది. రేపు దానికీ ప్రోత్సాహకాలు వస్తాయి. ఆ డబ్బును కూడా అదే పరీక్ష పెట్టి చూడండి.

పదో తరగతి ఆడపిల్లలకు పునరుత్పత్తి పాఠం చెప్పేటప్పుడు ఒక అమ్మాయి నన్ను అడిగింది, "సార్, మా అక్కకు ఆపరేషన్ అయింది, రెండో బిడ్డ పోయింది, మళ్లీ తీసి కలుపుతారా?" అని. కలపవచ్చు, అన్నిసార్లూ ఫలించదు, పెద్ద ఆస్పత్రికి పోవాలి అని చెప్పాను. ఆపరేషన్‌కు ముందు ఈ మాట అక్కకు ఎవరైనా చెప్పారా అంటే ఆ పిల్లకు తెలియదు. నియమాల ప్రకారం చెప్పాలి. ఇరవై రెండేళ్లు నిండాలి, బిడ్డకు ఏడాది దాటాలి, రక్తం ఏడు గ్రాములకు తగ్గకూడదు, ఇవన్నీ కాగితం మీద ఉన్నాయి. కోయలోనో, గోండిలోనో, సవరలోనో, కువిలోనో ఆమెకు ఆ కాగితం చదివి చెప్పే మనిషి కూడా ఉండాలి. మన చదువుకున్న పిల్లలు ఆ పని తీసుకోవచ్చు. ఇది అనువాదం కన్నా ఎక్కువ పని. 'శాశ్వతం' అన్న మాటకు మన భాషలో సరైన మాట వెతికి, ఇక ఎప్పటికీ పుట్టరు అని ఆమె తనంతట తాను తిరిగి చెప్పేదాకా ఓపిక పట్టాలి.

ఇంకొక దారి పీసా చట్టంలో ఉంది. 1996 నాటి ఆ చట్టం సామాజిక రంగాల సంస్థల మీద, సిబ్బంది మీద అజమాయిషీని గ్రామసభకూ పంచాయతీకీ ఇచ్చింది. ఆరోగ్య ఉపకేంద్రం అందులోకే వస్తుంది. గ్రామసభలో అడగవలసినవి చాలా ఉన్నాయి: అంతర సూదులు ఎన్ని వచ్చాయి, ఏ నెలలో అయిపోయాయి, ఏఎన్‌ఎం పోస్టు ఎన్నాళ్లుగా ఖాళీ, వర్షాకాలానికి ముందే నాలుగు నెలల మందు ఎందుకు తేలేదు, మగవాళ్ల ఆపరేషన్ ఎక్కడ చేస్తారు, ఆపరేషన్ వికటిస్తే ఇవ్వవలసిన పరిహారం ఎవరెవరికి అందింది. స్టాకు రిజిస్టరు తెచ్చి సభ ముందు చదవమనండి. ఎవరు ఏ పద్ధతి వాడుతున్నారన్న పేర్ల రిజిస్టరు మాత్రం ఆ సభలో తెరవకూడదు. అక్కడ కులపెద్ద అడిగినా, ఉపాధ్యాయుడు అడిగినా, భర్త అడిగినా అది ఏఎన్‌ఎం బీరువాలోనే ఉండాలి.